ద్రాక్షతీగకు ఊరేది?

మదురలో మాట్టుతావణి యనిన నేడు అందరికిని బస్సుల సందడియే తోచును. తొలుత ఆ పేరు పశువుల సంతది. మాడు అనగా పశువు. తావణి అనగా సంత. పశువులను వరుసగా కట్టివేయు పెద్దత్రాటికి తెలుగున దామెన యని పేరు. ఈ రెండు మాటలకు గల పోలిక మా చెవికి ఎప్పుడును వింతగానే యుండును. ఏ త్రాటితో ఎవరు కట్టిరో యెరుగక తరతరములుగా ఈ నేలనే అంటిపెట్టుకొనియున్న మనబోటి కుటుంబములకు అట్టి పేరుగల చోటు కూడలి యగుట తగియే యున్నది.

కొంతకాలము క్రిందట ఒక ఆదివారమున మన కుటుంబములు కొన్ని కలిసి కంబము లోయలోని ద్రాక్షతోటలను, బోడినాయకనూరు కొండలమీది పాత పల్లెలను చూచి, రాత్రికి ఇల్లు చేరునట్లు ఒక యాత్ర ఏర్పాటు చేసికొన్నవి. కంబమునకు పోవు బస్సులు ఆరప్పాళయమునుండి బయలుదేరునుగాని, మేము మాట్లాడుకొన్న వ్యాను మాత్రము తెల్లవారుజామున మాట్టుతావణి యెదుట నిలిచెను. ముసలివారు, నడివయస్సువారు, పిల్లలు కలిసి ఇరువదిమందిమి. దారిపొడుగున విశేషములు చెప్పుటకు ఒక తమిళ యువకుడు, వ్యాను నడుపువాడు, అతనికి తోడు ఒక క్లీనరు కుర్రవాడు మాతో నుండిరి.

వ్యాను ఎక్కునప్పుడు జరిగిన ఒక చిన్న సంగతిని ముందే చెప్పవలసియున్నది. క్లీనరు పులిహోర డబ్బాలను ఎత్తిపెట్టుటకు చేయి సాచెను. మాలో ఒకరు, వారెవరైన నేమి, మేమే యనుకొందము, అతనికి మన భాష తెలియదను ధీమాతో, “డబ్బాలు వానిచేత ఎత్తించవద్దు, వాని పొట్లము వేరుగా కట్టి యుంచండి” అని తెలుగున అనిరి. ఎవరును కాదనలేదు. కుర్రవాడు సాచిన చేతిని వెనుకకు తీసికొని, చక్రములలో గాలి చూచుటకు పోయెను. ఆ చేయి వెనుకకు పోవుటకు అర్థమేమో అప్పుడు మాకు తట్టలేదు.

ఇది యాత్రావృత్తాంతము కాదు. ఆనాడు ఒక ప్రశ్న మాతోకూడ వ్యాను ఎక్కి, దినమంతయు మాతో తిరిగి, రాత్రి మాతోనే దిగినది. దానినిగూర్చి నాలుగు మాటలు మనలో మనము చెప్పుకొనుటయే మా ఉద్దేశము.

ఉసిలంపట్టి దాటి ఆండిపట్టి కనుమవైపు సాగుచుండగా మా మార్గదర్శి చరిత్ర నారంభించెను. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మదుర నేలుటకు వచ్చుట, పాళెములు డెబ్బదిరెండు ఏర్పడుట, తిరుమల నాయకుని మహలు, 1736 ప్రాంతమున మీనాక్షి రాణితో ఆ కథ ముగియుట, అన్నియు చక్కగా చెప్పెను. చెప్పుచు, “నాయకులు ఉత్తరమునుండి వచ్చినవారు” అనెను. అతని మాటలో నిందయేమియు లేదు. కాని మాలో ఎనిమిదేండ్ల పిల్ల యొకతె తాతగారి చొక్కా లాగి, “తాతా, వందేరి అంటే మనమేనా? బడిలో ఒకడు అన్నాడు” అని అడిగెను.

వందేరి యనగా వచ్చి యెక్కినవాడు, పరాయివాడు అని అర్థము. ఆ మాట మనము విననిది కాదు. పెద్దలము దానిని విననట్లు నటించుట నేర్చుకొన్నాము. పిల్లల కింకను ఆ విద్య అబ్బలేదు. వ్యానులో ఒక్క నిమిషము అందరును ఊరకుండిరి. పిదప తాతగారు, “కాదు తల్లీ, మనము ఏలినవారము” అనిరి. మేమందరమును తలలూపితిమి. పిల్లయు ఊరుకొనెను. కాని సరియైన జవాబు దొరకి ఊరకుండుట వేరు, పెద్దలు చెప్పిరిగదా యని ఊరకుండుట వేరు.

మన పూర్వులలో ఏలినవారెందరు? మదుర సింహాసనముపై కూర్చున్నవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వారివెంట, వారికి ముందును, వెనుకను వచ్చిన వేలకొలది కుటుంబములలో బంటులు కలరు, బండ్లవారు కలరు, గాజుల మలారములు మోసినవారు కలరు. ఇతరులు వద్దని విడిచిన నల్లరేగడిని దున్ని ప్రత్తి పండించినవారు కలరు. ఏలిన వారితో భాష కలిసినంతమాత్రమున ఏలుబడి మనదగుచో, నేడు ఏలువారి భాష మాట్లాడు ప్రతి కూలివాడును ఏలికయే కావలెను. అంతేకాదు, ఆ నాయకరాజ్యమును నిలిపినవారందరును తెలుగువారు కారు. పాళెముల ఏర్పాటులో విశ్వనాథునికి కుడిభుజమై నిలిచిన దళవాయి ఆర్యనాథ ముదలియారు తమిళుడు. ఆ కీర్తిలో ఆయన వంతును తీసివేసి లెక్క కట్టుట న్యాయము కాదు.

మరియొక చిక్కు కలదు. “ఏలితిమి” అను మాట పరాయివాడు అను నిందను తుడువదు, దానిని బలపరచును. ఏలుటకు వచ్చినవాడు వచ్చినవాడే గదా! నిందించువాడు అనునదియు అదియే. మనము వాని మాటనే కిరీటము పెట్టి మరల చెప్పుచున్నాము.

తేని చేరునప్పటికి ఎండ ఎక్కినది. 1996లో మదుర జిల్లానుండి విడివడిన జిల్లాకు అది ముఖ్యపట్టణము. అచ్చటినుండి చిన్నమనూరు, ఉత్తమపాళయము, కంబము దాటి సురుళిపట్టి తోటలలో దిగితిమి. రెండువైపుల కొండలు, నడుమ పచ్చని లోయ. రాతికంబములపై తీగెలల్లి, వానిపై ద్రాక్షను పాకించిన పందిళ్లు కనుచూపుమేర కలవు. పందిరి క్రింద నిలిచిన ఎండ తెలియదు. తలకు తగులుచు నల్లని గుత్తులు వ్రేలాడుచుండును. కామయగౌండన్‌పట్టి, రాయప్పన్‌పట్టి, గూడలూరు మొదలగు చుట్టుపట్ల ఊళ్లలోను ఇదియే పంట. అచ్చటివారు దీనిని పన్నీర్ ద్రాక్ష యందురు. పన్నీరు మన మాటయు గదా!

ఈ ద్రాక్ష స్వస్థలము ఈ లోయ కాదు. శాస్త్రజ్ఞులు దీనిని మస్కట్ హాంబర్గ్ యందురు, ఐరోపా జాతి. 1832లో ఒక ఫ్రెంచి మతగురువు దీనిని ఈ ప్రాంతమునకు తెచ్చెనని చెప్పుదురు. ద్రాక్షను విత్తనము వేసి పెంచరు. కొమ్మను కోసి నాటుదురు. అనగా ఇచ్చటి తీగ ఆ దూరదేశపు తీగకు మనుమరాలు కాదు. ఒకవిధముగా ఆ తీగయే. అట్లుండియు 2023లో దీనికి ‘కంబం పన్నీర్ ద్రాక్ష’ యని భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఈ నేల, ఈ నీరు, ఈ గాలి కలిసినగాని ఈ రుచి రాదని చట్టమే ఒప్పుకొన్నది. ఇతరచోట్ల ఏటి కొకటి రెండు మారులు కోయు ద్రాక్షను ఇచ్చట ఏడాది పొడుగునను ఏదో యొక తోటలో కోయుచునే యుందురు.

ఈ సంగతి విన్నంతనే మాలో ఒకరు, “చూచితిరా! తీగకు రెండువందలయేండ్లు చాలినవి. మనము వచ్చి ఐదువందలయేండ్లు. ఇంకను మనము పరాయివారమా?” అనిరి. మాట ముచ్చటగా నున్నది. పిల్లకు చెప్పుటకు ఇది రెండవ జవాబు. ఇదియు తూకమునకు నిలుచునా యని చూడవలెను.

తీగ ఈ ఊరిదైనది కేవలము కాలము గడుచుటవలన కాదు. నాటి విడిచిన తీగ రెండువందలయేండ్లు కాదు, రెండు వేసవులు బ్రతుకదు. కొమ్మలు కత్తిరించు చేతులు, మందు చల్లు చేతులు, తెల్లవారుజామున గుత్తులు కోసి పెట్టెలలో సర్దు స్త్రీల చేతులు దానిని ఈ ఊరిదానినిగా చేసినవి. ఆ చేతులలో తమిళులవి కలవు, మనవారివి కలవు, ఈ లోయలో ఇప్పటికిని ఇంట కన్నడము మాట్లాడు కాప్పిలియరులవి కలవు. కనుక తీగ చెప్పు పాఠము ‘ఎంతకాలముంటిని’ అనునది కాదు. ‘ఎవరి చేతులమీద బ్రతికితిని, వారికేమి ఇచ్చితిని’ అనునది. ఐదువందలయేండ్లుండియు ఏమియు నీయని కుటుంబము ఉండవచ్చును. నిన్న వచ్చియు ఊరిని నిలిపినవాడు ఉండవచ్చును.

దీనికి నిదర్శనము ఆ లోయ కొననే కలదు. దిగువ క్యాంపు దగ్గర జాన్ పెన్నీక్విక్ అను ఆంగ్ల ఇంజనీరుకు 2013లో కట్టిన స్మారకమండపమును చూచితిమి. 1876–78 నాటి మహాక్షామములో మాడిపోయిన సీమకు, పడమరకు పారిపోవు పెరియారు నీటిని కొండ తొలిచి తూర్పునకు త్రిప్పిన అణకట్ట 1895లో పూర్తియైనది. ఆ నీరే ఈ లోయను పండించి వైగైలో కలియును. జనవరి 15 ఆయన పుట్టినదినము. అది సంక్రాంతి దినములలోనే వచ్చుటచేత ఈ ఊళ్లవారు ఆయన పేర పొంగలి వండుదురు. ఆయన పటమును ఇండ్లలో పెట్టుకొందురు. ఆయనకంటె పరాయివాడెవడు? రంగు వేరు, మతము వేరు, వచ్చినది పరదేశ ప్రభుత్వపు కొలువున. అయినను ఈ రైతులలో ఎవరును ఆయనను వందేరి యనరు. నీరు త్రాగిన నోరు ఆ మాట పలుకదు. మన మంగమ్మ రాణి విషయమును అట్టిదే. ఆమె వేయించిన బాటలను నేటికిని తమిళులే ‘మంగమ్మాళ్ సాలై’ యందురు. ఆ పేరు మనము పోరాడి నిలిపినది కాదు, నడిచినవారి పాదములు నిలిపినవి.

ఐనను ఆ మండపముకడ మరియొక తలంపు కలిగినది. ఆ అణకట్ట కట్టునప్పుడు కొండ అడవిలో మలేరియాకు, కలరాకు బలియైన కూలివారు వందలకొలది. వారికి పటములు లేవు, పొంగళ్లు లేవు. లోకము ఒక్క పేరును జ్ఞాపకముంచుకొనుటకు వంద పేళ్లను మరచును. ఇది లోకము దోషమే కాక, మన దోషము కూడ కాదా యను శంక అప్పుడే మొలకెత్తినది. దాని ఆకు సాయంకాలమునగాని కనబడలేదు.

మధ్యాహ్నము తోటలోనే భోజనములు. పన్నీర్ ద్రాక్షతో ద్రాక్షసారాయియు చేయవచ్చునని మార్గదర్శి చెప్పగా చిన్నవారు నవ్విరి, పెద్దవారు ముఖములు త్రిప్పుకొనిరి. 1937లో సేలం జిల్లాలో మొదలైన మద్యనిషేధమును, 1971లో దానిని సడలించుటను చూచిన తరము వారిది. కాని ఆ మాటలోనే మాకొక పోలిక దొరకినది. ఒకే పండు పండుగా తిన్న ఆకలి తీర్చును. కుండలో మూసి పులియబెట్టిన తల త్రిప్పును. పూర్వుల కథయు అట్టిదే. నిత్యజీవితమునకు పనికివచ్చునట్లు తిన్నచో అది బలము. మూసిపెట్టి పులియనిచ్చినచో మదము. మన పెద్దలు ఎనిమిది మదములు చెప్పుచు, అందు కులమదమును, రాజ్యమదమును చేర్చుట ఊరక కాదు. రాజ్యము పోయి మూడువందలయేండ్లు కావచ్చినను రాజ్యమదము దిగకుండుట ఈ మద్యమునకే చెల్లినది.

మేము తినుచుండగా క్లీనరు కుర్రవాడు నాలుగు పందిళ్లకు ఆవల, తన పొట్లము విప్పుకొని ఒక్కడే కూర్చుండి తినెను.

అచ్చటినుండి బోడినాయకనూరు. ఏలకుల వ్యాపారమునకు ప్రసిద్ధికెక్కిన ఊరు. 1928లో వచ్చి, 2010లో ఆగి, 2023లో పెద్దపట్టాలతో మరల నడచిన రైలుబండికి కొన ఊరు. పూర్వము పాళెముగాను, పిదప జమీనుగాను నుండెను. ఆ వంశమువారి మూలపురుషులు గుత్తి సీమనుండి వచ్చిరని ఐతిహ్యము. గుత్తి పేరు వినగానే మాలో ఉత్సాహము పొంగినది. ఎవరి ఇంటిపేరు ఏ సీమదో, ఎవరి తాత ఏ పాళెములో ఏమి కొలువు చేసెనో చెప్పుకొనుచు కొండదారి పట్టితిమి. వ్యాను కురంగణివరకు పోయెను. పిదప జీపులలో పైనున్న సెంట్రల్ స్టేషన్ అను పల్లెకు ఎక్కితిమి.

కొండపల్లెకు స్టేషన్ అను పేరేమి యని పిల్లలడిగిరి. ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలో మున్నారు తేయాకు పెట్టెలు టాప్ స్టేషన్ అను శిఖరమునుండి ఇనుపత్రాళ్లమీద వ్రేలాడుచు దిగువ కొట్టకుడికి దిగి బోడికి చేరెడివి. ఆ దారిలో నడుమ మజిలీ యిది. శిఖరముపైకి మున్నారునుండి వచ్చుచుండిన రైలు 1924 నాటి మహావరదలో కొట్టుకొనిపోయినది. ఆ కొండలలోనే 2018 మార్చి 11వ తేదీన కార్చిచ్చు రగిలి, నడచిచూచుటకు వచ్చిన ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఒక్క దినము చూచినంతనే కొండ తెలిసినదనుకొనరాదని ఆ పల్లె చెప్పకయే చెప్పుచుండెను.

ఈ కొండలలో ముదువరులు నివసింతురు. వారు వీపులపై తమ దేవతలను మోసికొని మదురనుండి కొండ లెక్కితిమని తమ పూర్వకథ చెప్పుకొందురు. అనగా మనము మొదటివారనుకొనువారును వచ్చినవారమనియే చెప్పుకొనుచున్నారు. ఆ మాట విని పిల్ల తాతగారివైపు చూచెను. తాతగారు ఈమారు ఏమియు అనలేదు.

అచ్చటనే అది జరిగినది. మాలో డెబ్బదియైదేండ్ల అవ్వ యొకరు రాతిమెట్లు దిగుచుండగా కాలు తడబడెను. క్రింద నిలిచియున్న క్లీనరు ఒక్క ఉరుకున వచ్చి ఆమె మోచేయి పట్టుకొని, “మెల్లగా అవ్వా, ఆ రాయి జారతాది. ఇట్ల ఈ పక్క అడుగెయ్యి” అనెను.

తెలుగు. మదురలోని మన ఇండ్లలో పెద్దవారు మాట్లాడునదే; యాస రవ్వంత వేరు.

“నీకు తెలుగెట్లా వచ్చు నాయనా?” అని అవ్వ అడిగిరి.

“మా ఇంట్లో మాట అదే అవ్వా. మదురలోనే మా కాలనీ. మా నాయన కార్పొరేషన్లో ఊడ్చే పని. మా జేజి అరవం సరిగా మాట్లాడదు కూడా.”

పిల్ల సంతోషముతో ముందుకు వచ్చి, “అయితే అన్నా, పొద్దుటినుంచీ మేము మాట్లాడిందంతా నీకు తెలిసిందా?” అనెను.

అతడు నవ్వి, “తెలిసింది పాపా” అనెను. అంతకంటె ఏమియు అనలేదు. మా ముఖములలోనికి చూడనులేదు. అవ్వను మెట్లు దింపి, చెప్పులు దులిపి ఇచ్చి, జీపువైపు పోయెను.

ఉదయము వెనుకకు తీసికొన్న చేయి అప్పుడు మాకు కనబడినది. ఎవనికి తెలియదని మనము తెలుగున మాట్లాడితిమో, వానికి తల్లిభాష తెలుగు. భాషను కాపాడవలెనని సంఘము పెట్టుకొని, ఆ భాషను ఒకనిని దూరముంచుటకు మాటుగా వాడితిమి. పిల్లను వందేరి యన్నవానిపై ఉదయము మాకు కోపము వచ్చెను. ఆ మాటకును, “పొట్లము వేరుగా కట్టండి” అను మాటకును తేడా ఏమి? ఆ రెండును ఒక్క సంగతియే చెప్పుచున్నవి: నీవు ఇచ్చట నున్నావు, ఇచ్చటివాడవు మాత్రము కావు.

2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు తల్లిభాషగా చెప్పినవారు నలుబదిరెండు లక్షలు. మన హక్కులకొరకు మహజరు వ్రాయునప్పుడు ఆ సంఖ్యను మనము ఎంత గర్వముతో వేయుదుము! మదురలోను, కోయంబత్తూరులోను వీధులూడ్చు కుటుంబములలో పెక్కింటి ఇంటిభాష తెలుగు. ఆ అరుంధతీయుల తలలను కలుపుకొనియే ఆ సంఖ్య వచ్చినది. లెక్కలో వారిని కలుపుకొని, పంక్తిలో వెలివేయుట ఏ న్యాయము?

ఇచ్చట ఆక్షేపణలు రాగలవు. ఒకటి: “ఐదువందలయేండ్ల నాటి ఆచారములకు నేటివారము మేము బాధ్యులమా?” సరియైన ప్రశ్న. ఎన్నడో పుట్టినవాని తప్పునకు నేడు పుట్టినవాడు దోషి కాడు. కాని మనము ఆ పూర్వుల కీర్తిని మాత్రము మనదియే యని చెప్పుకొనుచున్నాము గదా! తండ్రి ఆస్తిని అనుభవించువాడు తండ్రి అప్పును తీర్చవలెనని మన ధర్మము. ఆస్తిపత్రము చేతబట్టి, అప్పుపత్రము నాది కాదనువానిని ఊరు ఏమనును? రెండును వద్దనినచో అదియు న్యాయమే; అప్పుడు తిరుమల నాయకుని మహలు మనకు ఒక అందమైన కట్టడము మాత్రమే. మహలు మనదనినచో దానివెంట వచ్చు బాకీయు మనదే.

ఆ బాకీ ఎట్టిదో చూడుడు. నల్లరేగడిని, ఎర్రనేలను మన పూర్వులు పండించిరని చెప్పుకొందుము. నీరేది? బావులు త్రవ్వి మోట తోలిరి. ఆ మోటకు తోలు బాన కుట్టినవారెవరు? ఎద్దుల పగ్గములు, వారులు, చెప్పులు కుట్టినవారెవరు? మన బండ్లవెంట నడచివచ్చి, మన భాషయే మాట్లాడుచు, ఊరి కొనన నిలిచిపోయినవారు. పెన్నీక్విక్‌కు పొంగలి వండు ఊళ్లను చూచి మెచ్చుకొన్న మేము, మన పొలములకు నీరు తోడిన బానను కుట్టినవానికి పొట్లము వేరుగా కట్టితిమి.

రెండవ ఆక్షేపణ: “వారు మన సభలకు ఎన్నడును రాలేదు, మనము రావద్దనలేదు.” తలుపు తీసియుండుట చాలదు, ఆ తలుపు తమకొరకును తీసియున్నదని లోపలికి రావలసినవానికి తెలియవలెను. మన సంచికలు, ఆహ్వానపత్రికలు, ఉగాది వంటలు ఆ కాలనీల దారి ఎన్నడైన పట్టినవా? పిలువకుండుట నిషేధమంత కఠినముగా కనబడదు. దాని ఫలితము మాత్రము అదియే.

మూడవది: “సంఘమనగా బంధుత్వము, అందరిని కలుపుకొనిన కట్టు సడలును.” దీనికి మా జవాబు ఇంతే. మనలను కట్టు త్రాడు భాషయగుచో, ఆ భాష పలుకు వారందరును ఆ త్రాటికే చేరుదురు. ఏరుకొనుటకు మనకు అధికారము లేదు. కట్టు త్రాడు కులమగుచో, బోర్డుమీద తెలుగు అను మాటను చెరిపి ఆ మాటనే వ్రాసికొనుట నిజాయితీ. ఒక పేరు పెట్టుకొని మరియొక పని చేయుట ఎవరిని మోసగించుట? బయటివారినికాదు, మన పిల్లలను.

మన కవితలో ద్రాక్షాపాకమనియు, నారికేళపాకమనియు చెప్పుదురు. ద్రాక్ష నోట వేసికొన్నంతనే తీయగా నుండును; కొబ్బరికాయను పగులగొట్టినగాని సారము చిక్కదు. ఒక్క దినపు యాత్రలో చరిత్ర ద్రాక్షాపాకముగా దొరకును: రాజులు, మహళ్లు, ఇంటిపేళ్లు. కాని దాని సారము నారికేళము. ఆనాడు దాని పెంకు పగిలినది ఏ శాసనముచేతను కాదు. ఒక కుర్రవాని రెండు మాటలచేత.

తిరుగుదారిలో ఆండిపట్టి దగ్గర వ్యాను ఆపి మిగిలిన పెరుగన్నము తీసితిమి. మెట్లపై తడబడిన అవ్వయే లేచి, ఆ కుర్రవానిని పిలిచి, తన ప్రక్కన కూర్చుండబెట్టి, ఆ డబ్బానుండియే వడ్డించిరి. అతడు మొదట సందేహించి, పిదప తినెను. దీనిని ప్రాయశ్చిత్తమని మేము చెప్పుకొనము. ఒకపూట వడ్డన అంత పాత బాకీని తీర్చదు. తిన్నవాడు మనలను క్షమించెనో లేదో మేమడుగలేదు. అడుగు హక్కు మనకు లేదు.

కాని చేయదగిన పనులు కొన్ని కలవు. మన పిల్లలకు తెలుగు లిపి నేర్పు తరగతి మన హాలులో కొనసాగుచున్నది. అట్టిదే ఒకటి ఆ కాలనీలో వారు కోరిన వేళకు నడుపవచ్చును. అరవము సరిగా రాని ఆ జేజి నోట ఎన్ని కథలున్నవో, మన పుస్తకములలో లేని ఎన్ని మాటలున్నవో! ఆమె యిష్టపడినచో ఆమె కథలు వచ్చే సంచికలో మన వ్యాసములకంటె ముందు అచ్చు కావలెను. ఈ సూచనలకు మనలోనే ఎదురుచెప్పువారుందురని మేమెరుగుదుము. ఎదురు మాటలైనను పైకి వచ్చుట మేలు. ఇన్నాళ్లును అవి మౌనముగా గెలుచుచున్నవి.

రాత్రి పదిగంటలకు మరల మాట్టుతావణి. పిల్ల సగము నిద్రలో దిగుచు, క్లీనరుతో “పోయొస్తా అన్నా” అనెను. అతడు “పోయిరా పాపా” అనెను. పోవువారిని ‘పో’ అనక ‘పోయిరా’ అనుట ఈ నేలమీద తమిళులును, మనమును ఒకేవిధముగా నేర్చిన మర్యాద.

ఇల్లు చేరిన పిదప తాతగారు పిల్లకు తమ ఉదయపు జవాబును దిద్ది చెప్పిరట: “అవును తల్లీ, మనము వచ్చినవారమే. కొండమీదివారును వచ్చినవారే. నీవు తిన్న ద్రాక్షయు వచ్చినదే. వచ్చుటలో తప్పు లేదు. మనకు చోటిచ్చినవారిని మరచుట తప్పు. మనతో వచ్చినవారికి చోటీయకుండుట అంతకంటె తప్పు.”

పిల్ల దానికేమనెనో తాతగారు మాకు చెప్పలేదు. మరునాడు బడికి పోవునప్పుడు మాత్రము ఆమె తల దించుకొనలేదట.